ఫార్మకాలజీ గుర్తు నిలవడం లేదు: తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఎలా చదివారు?

ప్రశ్న: నాలుగో సెమిస్టర్ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ నాలుగో సెమిస్టర్ చదువుతున్నాను. ఇంటర్ బైపీసీ వరకు నా చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. మూడో సెమిస్టర్‌లో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, మొదటి భాగానికి 20 గంటలే ఉండటం వల్ల, పరీక్షకు ముందు రెండు వారాలు కూర్చుని వల్లె వేసి ఎలాగో గట్టెక్కాను. ఈ సెమిస్టర్‌లో రెండో భాగానికి 60 గంటలు ఉన్నాయి. పాఠాలు మొదలై నెలన్నర కాకముందే, పోయినసారి చదివినదంతా చెరిగిపోయిందని తెలిసివచ్చింది. మెడికల్ వార్డు పోస్టింగ్‌లో సిస్టర్ గారు ఒక పెద్దాయన కేస్ షీట్ చూపించి ఎనలాప్రిల్ ఎందుకు ఇస్తున్నారని అడిగితే నాకు నోరు పెగలలేదు. అంతకుముందు వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, నిస్టాటిన్ గురించి అడిగినప్పుడు, చివర ‘స్టాటిన్’ ఉంది కదా అని అది కొలెస్ట్రాల్ తగ్గించే మందని ధైర్యంగా చెప్పి నవ్వులపాలయ్యాను.

సీనియర్లు ఇచ్చిన నోట్సులో కొండగుర్తులు చాలానే ఉన్నాయి గాని, అవన్నీ ఇంగ్లీషు వాక్యాలు. గబ్బిలం, బీట్‌రూట్, టోపీ పెట్టుకున్నవాడు అంటూ ఏవేవో వస్తాయి. ఆ వాక్యాన్ని గుర్తు పెట్టుకోవడానికి మళ్ళీ మరొక కొండగుర్తు కావలసి వస్తోంది. నా సందేహాలు మూడు. మందులను ఏ వరుసలో చదవాలి? తెలుగులో ఆలోచించేవారికి పనికివచ్చే గుర్తులు మీలో ఎవరైనా కట్టుకున్నారా? కోచింగ్‌కు డబ్బు పెట్టలేని నాలాంటివారికి నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు 1: ఫార్మకాలజీ ట్యూటర్

నిస్టాటిన్ గురించి మీరు చెప్పిన జవాబు తప్పే గాని, దాని వెనుక ఉన్న ఆలోచన సరైనదే. మీరు పేరు చివరి ముక్కను పట్టుకున్నారు. అయితే పట్టుకోవలసినంత పొడవు పట్టుకోలేదు. కొలెస్ట్రాల్ మందుల అసలు ముక్క ‘స్టాటిన్’ కాదు, ‘వాస్టాటిన్’. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ అని పలికి చూడండి, తేడా మీ చెవికే తెలుస్తుంది. నిస్టాటిన్ నోటిపూత వంటి ఫంగస్ జబ్బులకు వాడే మందు. దానిని 1950లో కనిపెట్టిన ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు న్యూయార్క్ రాష్ట్ర ప్రయోగశాలల్లో పనిచేసేవారు కాబట్టి ఆ రాష్ట్రం పేరు కలిపారు. అందులోని ‘స్టాట్’ ఆ రాష్ట్రమన్న మాటకు గుర్తే తప్ప కొవ్వుతో దానికి చుట్టరికం లేదు.

జెనెరిక్ పేర్లు, అంటే కంపెనీ పెట్టే బ్రాండు పేర్లు కాక మందుల అసలు పేర్లు, ఎవరికి తోచినట్లు వారు పెట్టుకునేవి కావు. ప్రపంచ ఆరోగ్య సభ 1950లో చేసిన తీర్మానంతో మొదలై, 1953లో మొదటి జాబితా వెలువడిన అంతర్జాతీయ నామకరణ ఏర్పాటు ఒకటి ఉంది. ఒకే విధంగా పనిచేసే మందుల పేర్లలో ఒక ఉమ్మడి ముక్క ఉండేలా ఆ ఏర్పాటు చూస్తుంది. నా విద్యార్థులకు దీన్ని ‘ఇంటిపేరు’ అని చెబుతాను. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది, మందులకు చాలావరకు చివర వస్తుంది, అంతే తేడా. ఎనలాప్రిల్, రామిప్రిల్ ‘ప్రిల్’ వారు. లోసార్టాన్, టెల్మిసార్టాన్ ‘సార్టాన్’ వారు. ఎటినోలాల్, మెటోప్రోలాల్ ‘ఓలాల్’ వారు. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ ‘డిపిన్’ వారు. సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, సెఫోటాక్సిమ్ మాత్రం మనలాంటివారు, ‘సెఫ్’ అనే ఇంటిపేరును ముందే పెట్టుకున్నారు.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ‘అజోల్’. దాన్ని ఇంటిపేరు అనుకున్నవారు పరీక్షలో తప్పక బోల్తా పడతారు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఫ్లూకోనజోల్ ఫంగస్‌ను అణుస్తుంది. మెట్రోనిడజోల్ అమీబా మీద, గాలి లేనిచోట పెరిగే బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. ఆల్బెండజోల్ నులిపురుగుల మందు, బహుశా మీరు కూడా బడిలో నమిలిన మాత్ర. కాబట్టి ‘ప్రజోల్’, ‘కోనజోల్’, ‘నిడజోల్’, ‘బెండజోల్’ అని ముక్కను పూర్తిగా పట్టుకోవాలి. అంత జాగ్రత్త పడినా ఆరిపిప్రజోల్ అనే మానసిక వ్యాధుల మందు వచ్చి ‘ప్రజోల్’ వారి పంక్తిలో కూర్చుంటుంది. దాని ఇంటిపేరు ‘పిప్రజోల్’. ఇటువంటి దొంగచుట్టాలకు నోట్సు చివర ఒక పేజీ వదిలిపెట్టండి. వైవాలో ప్రశ్నలు ఎక్కువగా ఆ పేజీలోంచే వస్తాయి.

ఇక వరుస సంగతి. విడివిడి మందులను చదవకండి, ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క పేజీ కేటాయించి చదవండి. ఉదాహరణకు ‘ప్రిల్’ కుటుంబాన్ని తీసుకోండి. ఆ మందులు రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ రెండవ రూపం తయారుకాకుండా ఆపుతాయి కాబట్టి రక్తనాళాలు వదులై బీపీ తగ్గుతుంది. అవి ఆపే ఎంజైమే బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుంది. ఆ పని ఆగిపోవడంతో బ్రాడికైనిన్ పేరుకుని కొందరికి పొడిదగ్గు వస్తుంది, అరుదుగా పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడని స్థితి కూడా రావచ్చు. ‘సార్టాన్’లు ఆ ఎంజైమును ముట్టుకోవు కనుక దగ్గు వచ్చినవారిని డాక్టర్లు వాటికి మారుస్తారు. రెండు కుటుంబాలూ రక్తంలో పొటాషియం పెంచుతాయి, రెండూ గర్భిణులకు పనికిరావు. ఇదంతా ఒకే కారణపు గొలుసు అని గమనించారా? గొలుసులో ఒక కొస దొరికితే మిగతాది లాక్కుని రావచ్చు, వల్లె వేయవలసిన అవసరం సగానికి సగం తగ్గుతుంది. వార్డులో ఆ పెద్దాయన గురించి మిమ్మల్ని అడిగినప్పుడు, ‘మాత్ర ఇచ్చేముందు బీపీ చూస్తాను, పొడిదగ్గు ఉందా అని అడుగుతాను, పొటాషియం రిపోర్టు చూస్తాను’ అని చెప్పి ఉంటే ఆ సిస్టర్ గారికి అంతకు మించిన జవాబు అక్కరలేదు.

జవాబు 2: క్యాజువాల్టీ సిస్టర్

చెల్లీ, ఆ గబ్బిలం, బీట్‌రూట్, టోపీ వాక్యాలు నన్నూ మూడేళ్ళు ఏడిపించాయి. నేను జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివాను. అవి అట్రోపిన్ ఎక్కువైనప్పటి లక్షణాలకు ఇంగ్లీషువాళ్ళు కట్టుకున్న సామెతలు. వాళ్ళకు అవి చిన్నప్పటి నుంచి నోట నానిన మాటలు కాబట్టి పనికివచ్చాయి, మనకు కావు. నేను క్యాజువాల్టీలో చేరిన మొదటి వానాకాలంలోనే వాటిని వదిలేసి నాదంటూ ఒక గుర్తు కట్టుకున్నాను. పద్నాలుగేళ్ళుగా మా దగ్గరికి వచ్చే విద్యార్థులకు అదే చెబుతున్నాను.

మన జిల్లాల్లో పురుగుమందు తాగినవారు క్యాజువాల్టీకి రాని నెల ఉండదు. క్లోరోపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గనోఫాస్ఫరస్ మందులు, నరాల సందేశాలు మోసే అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును కట్టేస్తాయి. అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. అప్పుడు ఒంట్లో వానాకాలం మొదలవుతుంది. కళ్ళ వెంట నీరు, నోటి వెంట చొంగ, ముక్కు కారడం, ఒళ్ళంతా చెమట, మూత్రం, విరేచనం, వాంతి, అన్నిటికంటే ప్రమాదంగా ఊపిరితిత్తుల్లో నీరూ నురగా వస్తాయి. మబ్బు పట్టినట్లు గుండె వేగం మందగిస్తుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది. తడి ఎక్కడెక్కడ ఉండగలదో తలనుంచి కిందికి చూసుకుంటూ పోతే లక్షణాలన్నీ వాటంతటవే వస్తాయి, అక్షరాలు పేర్చుకోనక్కరలేదు.

దానికి విరుగుడైన అట్రోపిన్ రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలో మనిషి ఎలా ఉంటాడో తలుచుకో. నోరు ఎండిపోతుంది, చర్మం పొడిబారి వేడెక్కుతుంది, ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుసుకుపోతుంది, కంటిపాప పెద్దదై వెలుతురు చూడలేడు, ఎండ మరీ ఎక్కువైతే వడదెబ్బ తిన్నవాడిలా సంధి మాటలు మాట్లాడతాడు. మనకు కావలసింది వానను ఆపేంత ఎండే గాని వడదెబ్బ కాదు. అందుకే ఎంత అట్రోపిన్ ఇవ్వాలన్నది ముందే తేల్చిన లెక్క కాదు, మంచం పక్కన నిలబడి చూసి తేల్చుకోవలసిన లెక్క. ఛాతీలో గురగుర తగ్గి గాలి శుభ్రంగా ఆడాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలో చెయ్యి పెడితే పొడిగా తగలాలి, కంటిపాప సూదిమొనలా ఉండకూడదు. డాక్టరు గారు ఛాతీ వింటుంటే చంక చూసి చెప్పవలసింది మనం. సాధారణంగా ఒక ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే కాబట్టి ఒక్కొక్క పేషెంటుకు ఎన్ని ఆంప్యూల్స్ విరగ్గొడతామో మొదటిసారి చూసినవారు కంగారు పడతారు. అందులో తప్పేమీ లేదు. ఆ తరువాత సంధి మాటలు, జ్వరం, పొట్ట ఉబ్బరం, మూత్రం రాకపోవడం కనిపిస్తే ఎండ ఎక్కువైందని చెప్పాలి.

ఈ పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుసుకో. కండరాలు అదరడం, తరువాత చచ్చుబడటం వానా ఎండా కథలో ఇమడవు, అట్రోపిన్ వాటిని బాగుచేయదు. దానికే ప్రాలిడాక్సిమ్ ఇస్తారు. ఒకటో రోజు బాగున్నవాడు రెండో రోజో మూడో రోజో దిండు మీదనుంచి తల ఎత్తలేకపోతే, ఊపిరి కండరాలు కూడా అలిసిపోతున్నాయని అర్థం. ప్రతి షిఫ్టులో ‘తల ఎత్తు బాబూ’ అని అడగడం నేను మానను.

ఇంకొకటి, నా సొంత తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ వయల్‌కు, మిల్లీలీటరుకు 100 యూనిట్ల గీతలున్న సిరంజి తీసుకుని, 20 గీత దాకా లాగి ఇచ్చాను. చేరవలసిన 20 యూనిట్లకు బదులు చేరినవి 8 యూనిట్లే. మధ్యాహ్నం షుగర్ పెరిగి, తోటి సిస్టర్ ట్రేలో సిరంజి చూసి పట్టుకుంది. అదే తిరగబడి, 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 20 గీత దాకా లాగి ఉంటే 50 యూనిట్లు వెళ్ళేవి, ఆ మనిషి నాకు దక్కేవాడు కాదేమో. ఆ రోజు నుంచి ‘నారింజ నూరు’ అనుకుంటూ ఉంటాను. నారింజ మూత ఉన్నది నూరు యూనిట్ల సిరంజి, ఎర్ర మూత ఉన్నది నలభై. అలా అనుకున్న తరువాత కూడా వయల్ మీద, సిరంజి మీద అంకెలు చదువుతాను. మూతలు మారిపోవచ్చు, అంకె మారదు.

రెండు ఇన్సులిన్లు ఒకే సిరంజిలో కలపవలసి వస్తే తేటగా ఉన్న ప్లెయిన్ ముందు, మబ్బుగా ఉన్న ఎన్‌పీహెచ్ తరువాత లాగాలి. ఎందుకో గుర్తుండాలంటే, మజ్జిగలో ముంచిన గరిటెను మంచినీళ్ళ కుండలో ఎవరూ ముంచరని తలుచుకుంటే చాలు.

జవాబు 3: శుభలేఖల పెట్టె

నేను గత ఏడాది బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఉద్యోగాలకు జరిగే నార్సెట్ పరీక్ష కోసం చదువుతున్నాను. పైన పెద్దలు ఏం గుర్తుంచుకోవాలో చెప్పారు కాబట్టి, ఎన్నాళ్ళకొకసారి గుర్తు చేసుకోవాలో నేను చెబుతాను.

మీరు మూడో సెమిస్టర్‌లో రెండు వారాలు వల్లె వేసి రెండు నెలల్లో మరిచిపోవడం మీ తెలివితేటల లోపం కాదు. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించిన మరపు లెక్కలు చెప్పేది కూడా ఇదే. ఒకేసారి మింగినది ఒకేసారి పోతుంది, ఎడం ఇచ్చి మళ్ళీ మళ్ళీ తలుచుకున్నది నిలుస్తుంది. మరొక సంగతి 2006లో అమెరికాలో విద్యార్థుల మీద జరిగిన ప్రయోగంలో తేలింది. పాఠాన్ని తిరిగి తిరిగి చదివినవారికంటే, పుస్తకం మూసి జ్ఞాపకం నుంచి రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తుంది. మన ఇళ్ళలో ఎక్కాలు అప్పజెప్పించుకున్న పెద్దవాళ్ళకు ఈ సంగతి ముందే తెలుసు. చదివావా అని వారు అడిగేవారు కాదు, అప్పజెప్పు అనేవారు.

మా ఇంట్లో పాత శుభలేఖలు అట్టపెట్టె నిండా ఉండేవి. వాటి వెనుక తెల్లగా ఉన్న భాగాన్ని అరచేతి సైజులో కత్తిరించి చీటీలు చేసుకున్నాను. ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు రాశాను. చెప్పుల పెట్టెలో నాలుగు అరలు చేసి, మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది నెలకు చూసేవాణ్ణి. జవాబు చెప్పగలిగిన చీటీ తరువాతి అరలోకి వెళ్తుంది, చెప్పలేనిది మొదటి అరకు తిరిగివస్తుంది. ఫోనులో చేయాలనుకుంటే అంకి అనే యాప్ ఇదే పనిని తానే లెక్క వేసి చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, కంప్యూటర్లలో ఉచితం, ఐఫోనులో మాత్రం కొనాలి. ఇతరులు చేసిన చీటీలు దించుకోవద్దని నా సలహా. చీటీ రాసేటప్పుడే సగం చదువు అయిపోతుంది, దించుకుంటే ఆ సగం పోతుంది.

డిజాక్సిన్ గుండె మందు. చీటీ మీద ‘డిజాక్సిన్ గురించి రాయండి’ అని రాస్తే లాభం లేదు. ‘డిజాక్సిన్ ఇచ్చేముందు ఏం చూస్తావు?’ అని ఒక చీటీ: గుండె కొన దగ్గర స్టెతస్కోపు పెట్టి పూర్తిగా ఒక నిమిషం కొట్టుకోవడం లెక్కిస్తాను, పెద్దవారిలో 60 లోపు ఉంటే ఆపి డాక్టరుకు చెబుతాను. ‘డిజాక్సిన్ వాడే పేషెంటు అన్నీ పసుపుగా కనిపిస్తున్నాయంటే?’ అని మరొక చీటీ. ‘ఫ్యూరోసమైడ్ కూడా వాడుతుంటే ఏ రిపోర్టు చూస్తావు?’ అని ఇంకొకటి, ఎందుకంటే మూత్రం ఎక్కువ చేసే ఫ్యూరోసమైడ్ పొటాషియంను బయటికి పంపుతుంది, పొటాషియం తగ్గితే డిజాక్సిన్ విషం త్వరగా తలకెక్కుతుంది. ఒక చీటీకి ఒకే జవాబు ఉండాలి.

యూట్యూబ్ గురించి ఒక హెచ్చరిక. అక్కడి కొండగుర్తులు చాలావరకు అమెరికా లైసెన్సు పరీక్ష కోసం తయారైనవి. వారు ఎసిటమినోఫెన్ అనేది మన పారాసెటమాల్, వారి ఆల్బుటెరాల్ మన సాల్బుటమాల్, వారి ఎపినెఫ్రిన్ మన అడ్రినలిన్, వారి మెపెరిడిన్ మన పెథిడిన్, వారి గ్లైబ్యురైడ్ మన గ్లిబెన్‌క్లమైడ్. ఇది తెలియక నేను ఒకే మందును రెండు పేర్లతో రెండు చోట్ల చదివాను. సెలైన్ ఎక్కించే ఐవీ సెట్ లెక్కల్లో కూడా వారు మిల్లీలీటరుకు 10 లేదా 15 చుక్కలు వేసుకుంటారు, మన మామూలు సెట్ 20 చుక్కలది, మైక్రో సెట్ 60 చుక్కలది. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో ఎక్కాలంటే మన సెట్‌తో నిమిషానికి 42 చుక్కలు. వీడియో చూసి 15తో లెక్కిస్తే 31 వస్తుంది, సీసా 5 గంటలు దాటినా అయిపోదు.

జవాబు 4: ప్రసూతి వార్డు ఇన్‌చార్జి

అందరూ బాగా చెప్పారు గాని, నాకు ఒక అభ్యంతరం ఉంది. కొండగుర్తులు ఏ మందు ఏ కుటుంబానిదో, ఏ లక్షణం కోసం చూడాలో చెప్పడానికి పనికివస్తాయి. మోతాదుకు మాత్రం కొండగుర్తు కట్టుకోకండి. పరీక్షలో రాయడానికి మోతాదు చదవక తప్పదు. వార్డులో మాత్రం ఆర్డరు చూసి, లేబుల్ చూసి, కాగితం మీద లెక్క వేసి, పక్కవారికి చూపించిన తరువాతే సిరంజి పట్టాలి. నాకు బాగా గుర్తుంది అనేవారి చేతిలోనే నేను తప్పులు ఎక్కువ చూశాను.

మా వార్డులో రోజూ ఎదురయ్యే ఉదాహరణ, గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కు ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్. మా దగ్గరికి వచ్చే ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లది, 50 శాతం. 50 శాతం అంటే 100 మిల్లీలీటర్లలో 50 గ్రాములు, కాబట్టి ఒక ఆంప్యూల్‌లో ఒక గ్రాము. ఈ ఒక్క లెక్క అర్థమైతే 4 గ్రాములకు 8 మిల్లీలీటర్లనీ, దానికి 12 మిల్లీలీటర్లు సెలైన్ కలిపితే 20 మిల్లీలీటర్ల 20 శాతం ద్రావణం అవుతుందనీ, ఒక్కొక్క పిరుదుకు 5 గ్రాములంటే 10 మిల్లీలీటర్లనీ మీరే తేల్చుకోగలరు. దీన్ని వల్లె వేసినవారు ఆంప్యూల్ బలం మారిన రోజున తప్పు చేస్తారు. లెక్క తెలిసినవారు చేయరు.

అయితే కొండగుర్తులంటే నాకు విరోధం లేదని చూపడానికి మా వార్డు గుర్తు ఒకటి ఇస్తాను. మెగ్నీషియంకు మూడు ‘మ’లు: మోకాలు, మూత్రం, ముక్కు. ప్రతి నాలుగు గంటల మోతాదుకు ముందు మోకాలి మీద తట్టి కాలు కదులుతోందో లేదో చూడాలి, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గలేదని చూడాలి, ఊపిరి నిమిషానికి 16కు తగ్గలేదని చూడాలి. ఏ ఒక్క ‘మ’ తప్పినా సూది ఆగాలి, డాక్టరుకు కబురు వెళ్ళాలి. విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ అల్మరాలో కాదు, మంచం పక్క ట్రేలో ఉండాలి.

నమ్మదగిన సమాచారం గురించి అడిగారు. కేంద్ర ప్రభుత్వం 2022లో వెలువరించిన అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో 384 మందులు ఉన్నాయి, అది ఉచితంగా దొరుకుతుంది. మీ సిలబస్ ఎంత పెద్దదిగా కనిపించినా, ముందు ఆ జాబితాలో ఉన్నవాటిని, అందులోనూ మీ వార్డు ట్రాలీలో ఉన్నవాటిని చదవండి. మందుల వివరాలుండే నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా పుస్తకం మీ కళాశాల గ్రంథాలయంలో ఉందేమో అడగండి. మందు పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితాన్ని పారేయకండి, అంత వివరంగా, అంత చవకగా దొరికే పాఠం మరొకటి లేదు. ట్రాలీలో బ్రాండు పేర్లు ఉంటాయి, పుస్తకంలో జెనెరిక్ పేర్లు ఉంటాయి. వార్డులో అందరూ లేసిక్స్, ఏవిల్ అంటారు. మీరు మనసులో ఫ్యూరోసమైడ్, ఫెనిరమిన్ అని అనువదించుకోండి. పోస్టింగ్‌లో ఉన్నన్నాళ్ళు రోజుకు మూడు మందులకు ఈ పని చేస్తే చాలు.

మందు వల్ల దుష్ప్రభావం కనిపిస్తే నర్సు కూడా నివేదించవచ్చు. ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ఒక్కసారి నివేదించిన దుష్ప్రభావాన్ని జన్మలో మరిచిపోరు.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. ట్యూటర్ మేడమ్ చెప్పినట్లు కుటుంబానికొక పేజీ మొదలుపెట్టాను. అమ్మ అల్మరాలో శుభలేఖలు చాలానే దొరికాయి, ఇప్పటికి అరవై చీటీలయ్యాయి. క్యాజువాల్టీ అక్క చెప్పిన రోహిణి కార్తె మా గది అంతా పాకింది.

నేనే కట్టిన గుర్తు ఒకటి పెడుతున్నాను, తప్పుంటే దిద్దండి. క్షయకు ఇచ్చే నాలుగు మందుల ఇబ్బందులకు మొదటి అక్షరాలు కలిపాను. ఐసోనియజిడ్‌కు ఐదు వేళ్ళు, అంటే చేతులు, కాళ్ళ వేళ్ళలో తిమ్మిర్లు. రిఫాంపిసిన్‌కు రంగు, అంటే మూత్రం నారింజ ఎరుపులోకి మారడం. పైరజినమైడ్‌కు పట్టేసిన కీళ్ళు, ఎందుకంటే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. ఇథాంబ్యుటాల్‌కు ఇంద్రధనుస్సు, అంటే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం, చూపు తగ్గడం. తిమ్మిర్లకు పైరజినమైడ్ ఇస్తారని కూడా రాసుకున్నాను, ఇది సరైనదేనా?

జవాబు 5: ఫార్మకాలజీ ట్యూటర్

గుర్తు చాలా బాగుంది, వచ్చే బ్యాచ్‌కు మీ పేరు చెప్పకుండా వాడుకుంటాను. చివరి వాక్యం మాత్రం తప్పు. తిమ్మిర్లకు ఇచ్చేది పైరిడాక్సిన్, అంటే బీ6 విటమిన్. పైరజినమైడ్ క్షయ మందు. రెండింటికీ మొదటి ముక్క ఒకటే కావడంతో ఏటా ఎవరో ఒకరు ఈ పొరపాటు చేస్తారు, మీ దొంగచుట్టాల పేజీలో మొదటి వరుసలో రాసుకోండి.

మీ గుర్తులో ఒక ఖాళీ కూడా ఉంది. ఇథాంబ్యుటాల్ తప్ప మిగిలిన మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు, అది ఏ అక్షరంలోనూ ఇమడలేదు. పైగా రెండు సంగతులు ఒకదానికొకటి అడ్డు వస్తాయి. రిఫాంపిసిన్ వల్ల మూత్రం రంగు మారడం ప్రమాదం కాదు. ఆ సంగతి మొదటి మాత్ర మింగే రోజే చెప్పకపోతే, పేషెంటు రక్తం పడుతోందని భయపడి మందులు మానేస్తాడు. అలాగని రంగు మారడం మామూలేనని చెప్పి పంపేస్తే, కామెర్లు వచ్చి మూత్రం ముదురు రంగుకు తిరిగినా అతను పట్టించుకోడు. కాబట్టి చీటీ వెనుక ఈ మాట కలపండి: మూత్రం ఒక్కటే రంగు మారితే మాత్రలు కొనసాగించాలి, కళ్ళు పచ్చబడినా, అన్నం సహించకపోయినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే ఆసుపత్రికి రావాలి.